ఎండ ఉన్నా తగ్గించాలి: 250 మెగావాట్ల సోలార్ ప్లాంటును అదుపులోకి తెచ్చిన నా అనుభవం

సోలార్ ప్లాంటు అనగానే ఎవరైనా అడిగేది ఒకటే, రోజుకు ఎన్ని యూనిట్లు వస్తాయని. నా ఉద్యోగం ఆ ప్రశ్నకు అవతలి వైపున ఉంటుంది. వచ్చేదాన్ని ఎంత దగ్గర ఆపాలి, ఎంత వేగంగా దించాలి, దించినచోట కదలకుండా ఎలా నిలబెట్టాలి అన్నదే నా పని. రాయలసీమలో ఒక 250 మెగావాట్ల ప్లాంటుకు, దాని మొత్తం ఉత్పత్తిని అదుపు చేసే పవర్ ప్లాంట్ కంట్రోలర్‌ను (మేమంతా పీపీసీ అంటాం) గచ్చిబౌలిలోని మా ల్యాబ్‌లో సిద్ధం చేసి, సైటులో బిగించి, గ్రిడ్ వాళ్ల పరీక్షలు దాటించే దాకా నేనున్నాను. కంట్రోల్ ఇంజినీరింగ్ చదివి ఈ వైపు రావాలనుకునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ పని ఎందుకు అవసరమో చెప్పాలి. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అప్పటినుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. రాజస్థాన్‌లో ఒక పెద్ద యూనిట్ ట్రిప్ అయితే మాదాపూర్‌లోని ప్లగ్గు దగ్గర కూడా ఆ తేడా కొలవచ్చు. 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూ, 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది గ్రిడ్ కోడ్ నియమం. బొగ్గు ప్లాంటులో, జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే టర్బైన్ బరువే ఫ్రీక్వెన్సీని కొంత కాస్తుంది. సోలార్‌లో తిరిగేదేమీ లేదు. ప్యానెళ్ల డీసీని గ్రిడ్‌కు సరిపోయే ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లోని సాఫ్ట్‌వేర్ ఏం చెబితే అదే. సోలార్ వాటా తక్కువగా ఉన్న రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మధ్యాహ్నం బొగ్గు యూనిట్లను 55 శాతం దాకా దించినా ఇంకా కరెంటు ఎక్కువయ్యే రోజులు వస్తున్నాయి. అందుకే సోలార్ ప్లాంటు కూడా చెప్పిన మాట వినాలి.

ఆ మాట వినడం ఎలా ఉండాలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కనెక్టివిటీ నిబంధనల్లో ఉంది. 2019 సవరణ నాకు కంఠతా వచ్చేసింది. గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఇచ్చిన సెట్‌పాయింట్ (ఇంతే ఇవ్వాలన్న లక్ష్యం) దగ్గర యాక్టివ్ పవర్‌ను (మెగావాట్లలో లెక్కించే అసలు పవర్) నిలపగలగాలి. ఉత్పత్తి ఎక్కడం, దిగడం నిమిషానికి సామర్థ్యంలో 10 శాతానికి మించకుండా చూడగలగాలి. ఫ్రీక్వెన్సీకి 3 నుంచి 6 శాతం డ్రూప్‌తో (ఫ్రీక్వెన్సీ ఎంత శాతం మారితే నూరు శాతం పవర్ మారాలన్న లెక్క) స్పందించాలి, డెడ్‌బ్యాండ్ (స్పందించనక్కర్లేని చిన్న తేడా) 0.03 హెర్ట్జ్ దాటకూడదు. తేడా 0.3 హెర్ట్జ్ మించితే ఒక్క సెకనులో కనీసం 10 శాతం స్పందన ఇవ్వాలి. కాగితం మీద ఇవన్నీ నాలుగైదు లైన్లే. మా నెలల పనంతా ఆ ఒక్క సెకను చుట్టూనే తిరిగింది.

నల్గొండ నుంచి మా మేనమామ వచ్చినప్పుడు ఈ పని గురించి చెబితే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "మరి ఆ ఆపిన కరెంటు యాడికి పోతది బిడ్డా?" చాలా సరైన ప్రశ్న. మామయ్యకు బోరు ఉంది కాబట్టి గేట్ వాల్వు ఉదాహరణే చెప్పాను. వాల్వు సగం మూస్తే పైపులో ప్రెషర్ పెరుగుతుంది, పారే నీళ్లు తగ్గుతాయి. ఇన్వర్టర్ కూడా అంతే చేస్తుంది. మామూలుగా ప్యానెళ్లను గరిష్ఠ పవర్ ఇచ్చే వోల్టేజీ దగ్గర నడుపుతుంది. తగ్గించమన్నప్పుడు ఆ వోల్టేజీని ఇంకా పైకి, ఓపెన్ సర్క్యూట్ వైపు జరుపుతుంది. కరెంటు పడిపోతుంది. తీసుకోని శక్తి ప్యానెల్‌లోనే ఉండిపోతుంది, అది కాస్త వేడెక్కుతుంది. ఎక్కడా దేన్నీ కాల్చేయడం ఉండదు. బాయిలర్ లేదు, స్టీమ్ లేదు కాబట్టి సెకనులోపు దించడం ఇన్వర్టర్‌కు చాలా తేలిక. ఒక్కదాన్ని దించడంలో ఇబ్బందేమీ లేదు. వెయ్యి ఎకరాలకు పైగా పరుచుకున్న 80 ఇన్వర్టర్లను ఒక్కటిగా దించడమే కష్టం.

మా ప్లాంటులో 20 బ్లాకులు, బ్లాకుకు 4 ఇన్వర్టర్లు. బ్లాకు ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి 33 కేవీ కేబుళ్లు పూలింగ్ సబ్‌స్టేషన్‌కు వస్తాయి, అక్కడ 220 కేవీకి పెంచి గ్రిడ్‌కు పంపుతారు. కొలత చూసేది ఆ 220 కేవీ దగ్గర. అంటే ఇన్వర్టర్లన్నీ కలిపి 250 ఇస్తే సరిపోదు, కేబుళ్ల నష్టం, ట్రాన్స్‌ఫార్మర్ నష్టం పోయాక గేటు దగ్గర ఎంత ఉందన్నదే లెక్క. పీపీసీ ఆ మీటరు చదివి, సెట్‌పాయింట్‌తో పోల్చి, తేడాను 80 వాటాలుగా పంచి, ఫైబర్ మీద ప్రతి ఇన్వర్టర్‌కూ పంపుతుంది. మళ్లీ చదువుతుంది. సెకనులో చాలాసార్లు ఇదే చక్రం.

గచ్చిబౌలి ల్యాబ్‌లో ఈ చక్రం చక్కగా నడిచింది. రియల్ టైమ్ సిమ్యులేటర్ మీద 80 ఇన్వర్టర్లను, ట్రాన్స్‌ఫార్మర్లను, గ్రిడ్‌ను తయారుచేసి, అసలు పీపీసీ పెట్టెను దానికి కలిపాం. ఫ్రీక్వెన్సీని మా ఇష్టం వచ్చినట్టు కదిపి చూడొచ్చు. 5 శాతం డ్రూప్ పెట్టుకున్నాం. అంటే ఫ్రీక్వెన్సీ 2.5 హెర్ట్జ్ మారితే నూరు శాతం పవర్ మారాలి. 50.30 ఇచ్చి చూస్తే డెడ్‌బ్యాండ్ పోను 0.27 హెర్ట్జ్ మిగులుతుంది, దానికి దాదాపు 27 మెగావాట్లు దిగాలి. దిగింది. 50.10 ఇస్తే 7 మెగావాట్లు. అదీ దిగింది. ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు పెంచడం వేరే సంగతి. ఉన్న ఎండనంతా వాడేస్తున్న ప్లాంటు పైకి ఎక్కలేదు, ముందే కొంత తగ్గించి నడుస్తుంటేనే ఆ మేరకు పెంచగలదు.

సైటుకు వెళ్లాక అసలు విషయం బయటపడింది. మొదటిసారి లూప్ ఆన్ చేసి సెట్‌పాయింట్ ఇవ్వగానే పవర్ దిగింది, ఇంకా దిగింది, లక్ష్యం దాటి కిందికి పోయింది, మళ్లీ పైకి లేచి అటువైపూ దాటింది. ట్రెండ్ స్క్రీన్ మీద అల లాగా పైకీ కిందికీ, ఆగకుండా. దీన్నే హంటింగ్ అంటారు. గెయిన్ (తేడాకు ఎంత గట్టిగా స్పందించాలన్న సెట్టింగ్) తగ్గిస్తే అల చిన్నదవుతుంది, కానీ స్పందన మందగించి ఒక్క సెకను నియమం పోతుంది. గెయిన్ జోలికి పోకముందు ఆలస్యం ఎక్కడుందో కొలవాలని నేను పట్టుబట్టాను. జీపీఎస్ టైమ్ ఉన్న రికార్డర్ ఒకటి పీపీసీ దగ్గర, మరొకటి బ్లాకుల్లో పెట్టి, ఆదేశం బయల్దేరిన క్షణానికీ ఇన్వర్టర్ పవర్ కదిలిన క్షణానికీ మధ్య ఎంత పడుతోందో బ్లాకు బ్లాకుకూ చూశాం.

మండుటెండలో ఆ తిరుగుడు ఇంకా గుర్తుంది. ఇన్వర్టర్ కంటైనర్ తలుపు తీస్తే లోపలి ఫ్యాన్ల గాలి మొహాన కొట్టేది. బయట గాలే 43 డిగ్రీలు. సైట్ టెక్నీషియన్ కర్నూలు కుర్రాడు, లాప్‌టాప్ స్క్రీన్ మీద నీడ పడేలా అట్టముక్క పట్టుకుని నిలబడేవాడు. చాలా బ్లాకులు అర సెకనులోపే కదులుతున్నాయి. 7 బ్లాకులు మాత్రం రెండు సెకన్లు దాటి తీసుకుంటున్నాయి, అదీ ఒక్కోసారి ఒక్కోలా.

ఆ 7 బ్లాకుల్లో పీపీసీ ఆదేశం నేరుగా ఇన్వర్టర్‌కు పోవడం లేదు. మధ్యలో డేటా లాగర్ ఉంది. అది ఇన్వర్టర్ల నుంచి టెంపరేచర్లు, స్ట్రింగ్ కరెంట్లు, అలారాలు అన్నీ వరుసగా చదువుతుంటుంది, మా ఆదేశం ఆ వరుస అయ్యేదాకా ఆగుతుంది. రిపోర్టులకు ఆ లాగర్ బాగానే పనిచేస్తుంది, కంట్రోల్‌కు పనికిరాదు. సరఫరా చేసిన సంస్థ మొదట ఒప్పుకోలేదు, రికార్డర్ తరంగాలు పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకుంది. కంట్రోల్ ఆదేశాలకు ఫైబర్ స్విచ్ నుంచి ఇన్వర్టర్‌కు నేరుగా దారి వేయించాం, లాగర్‌ను చదవడానికే పరిమితం చేశాం. అన్ని బ్లాకులూ అర సెకను లోపలికి వచ్చాయి. గెయిన్ పెద్దగా మార్చాల్సిన అవసరమే రాలేదు.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ట్యూనింగ్ పేరుతో రోజుల తరబడి నంబర్లు మార్చుకుంటూ కూర్చునే ముందు ఆలస్యాన్ని కొలవండి. మీటరు చదవడానికి ఎంత, పీపీసీ చక్రానికి ఎంత, నెట్‌వర్క్‌కు ఎంత, ఇన్వర్టర్ స్పందనకు ఎంత అని నాలుగు ముక్కలుగా విడదీసి రాసుకోండి. నాలుగూ కలిపి సెకనులోపు రాకపోతే ఏ గెయిన్ పెట్టినా పరీక్ష దాటదు. ఇంకో మాట, ఫ్రీక్వెన్సీ స్పందన పీపీసీలో ఉంచుతారా, ఇన్వర్టర్‌లోనే ఉంచుతారా అన్నది మొదటే తేల్చుకోండి. రెండుచోట్లా ఆన్‌లో ఉంటే ఇన్వర్టర్ దించినదాన్ని పీపీసీ మళ్లీ ఎత్తుతుంది.

పరీక్ష రోజు పొద్దుటి నుంచే ఆకాశం అక్కడక్కడ మబ్బుగా ఉంది. ప్లాంటు 220 మెగావాట్ల దగ్గర నడుస్తోంది. 120కి సెట్‌పాయింట్ ఇచ్చాం. 250లో 10 శాతం అంటే నిమిషానికి 25, కాబట్టి సరిగ్గా 4 నిమిషాలు పట్టాలి. గీత స్కేలు పెట్టి గీసినట్టు దిగి 120 దగ్గర నిలిచింది. ఒక్కో ఇన్వర్టర్ 1.5 మెగావాట్ల దగ్గర ఉంది. అప్పుడే వాకీటాకీలో ఆ కుర్రాడి గొంతు.

"మేడం, పడమట దిక్కు నుంచి మబ్బు వస్తాంది. పెద్దదే."

"ఏ బ్లాకుల మీద పడుతుంది?"

"ముందు 16 నుంచి 20 దాకా మేడం. అయిదు నిమిషాలు పట్టొచ్చు."

అంతకంటే ముందే వచ్చింది. ఆ 5 బ్లాకుల్లోని 20 ఇన్వర్టర్లు 1.5 నుంచి 0.8కి జారాయి. అంటే 14 మెగావాట్లు పోయాయి. మిగిలిన 60 ఇన్వర్టర్ల పరిమితిని పీపీసీ 1.7 దాటించింది. ఎండలో ఉన్నవాటి దగ్గర దాచుకున్న శక్తి ఉంది కదా, అది బయటికొచ్చింది. గేటు మీటరు దగ్గర గీత 119కీ 121కీ మధ్యే కదిలింది. వెయ్యి ఎకరాల్లో ఒక మూల చీకటి పడితే ఇంకో మూల దాన్ని భర్తీ చేయడం నా కళ్లతో చూసిన ఆ నిమిషం కోసమే అన్ని నెలలూ పనిచేశాననిపించింది.

మబ్బు వచ్చేటప్పటికంటే పోయేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. నీడలో ఉన్న ఇన్వర్టర్ 0.8 ఇస్తుంటే దాని పరిమితిని 1.7 దగ్గర వదిలేస్తే, ఎండ తిరిగి పడగానే అది ఒక్కసారిగా 1.7కి ఎగురుతుంది. అలాంటివి 20 కలిసి ఎగిరితే సెట్‌పాయింట్ దాటిపోతాం. అందుకని నీడలో ఉన్నవాటి పరిమితిని వాటి అసలు ఉత్పత్తికి కొంచెం పైన మాత్రమే ఉంచి, వాటితో పాటే జరుపుతూ ఉండేలా రాశాం. మబ్బు వెళ్లినప్పుడు గీత 122 దాటలేదు. పరిమితి లేకుండా పూర్తిగా నడుస్తున్నప్పుడు మబ్బు పడితే దిగడాన్ని బ్యాటరీ లేకుండా ఎవరూ ఆపలేరు. ఎక్కడాన్ని మాత్రం పట్టుకోవచ్చు.

అసలు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని మనం మార్చలేం కాబట్టి ఆ పరీక్షకు పీపీసీలోకి కృత్రిమ ఫ్రీక్వెన్సీ విలువ పంపిస్తారు. 50.30 పంపితే 27 మెగావాట్లు సెకనులోపు దిగాయి. లాగర్ దారి మార్చకపోతే ఇక్కడే ఆగిపోయేవాళ్లం.

యాక్టివ్ పవర్ గురించే ఇంత చెప్పాను కానీ, వోల్టేజీని పక్కన పెట్టి దాన్ని నడపడం ప్రమాదం. వంద మెగావాట్లు దించగానే లైనులో వోల్టేజీ లేస్తుంది. 0.95 పవర్ ఫ్యాక్టర్ (మొత్తం పవర్‌లో యాక్టివ్ పవర్ నిష్పత్తి) దాకా, అంటే 250 మెగావాట్ల దగ్గర దాదాపు 82 మెగావార్లు (వోల్టేజీని ఎత్తడానికీ దించడానికీ వాడే రియాక్టివ్ పవర్ కొలత) అటూ ఇటూ ఇవ్వగలగాలన్నది నియమం. అయితే పవర్ ఫ్యాక్టర్‌ను ఒకచోట కట్టేసి నడిపితే, యాక్టివ్ పవర్ తగ్గినప్పుడు తీసుకునే మెగావార్లు కూడా తగ్గిపోతాయి, సరిగ్గా అవి ఎక్కువ కావాల్సిన సమయంలో. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైపోయినప్పుడు వోల్టేజీ అదుపు తప్పి లేవడం, ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ కావడం చూశాం. అక్కడి సౌర, పవన ప్లాంట్లు చాలావరకు స్థిర పవర్ ఫ్యాక్టర్ మీదే నడుస్తున్నాయి, వోల్టేజీని చూసుకునే పని వాటికి అప్పగించలేదు. ఆ వార్తలు వచ్చాక మా టీమ్‌లో ఈ విషయంలో వాదన మిగల్లేదు. మేం వోల్టేజీ కంట్రోల్ మోడ్‌నే అడిగి తీసుకున్నాం. ఎండాకాలం ఇంకో చిక్కు, వేడికి ఇన్వర్టర్ తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. మెగావార్లకు చోటు ఆ మేరకు పోతుంది, ఇన్వర్టర్లు ఎంచుకునేటప్పుడే మే నెల మధ్యాహ్నాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఇంకొకటి మా వరంగల్ జూనియర్ కనిపెట్టాడు. దగ్గర్లో ఎక్కడో లైను ఫాల్ట్ అయి వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయినప్పుడు, 15 శాతానికి పడినా 300 మిల్లీసెకన్లు ఇన్వర్టర్ గ్రిడ్‌ను వదలకూడదు. ఆ క్షణాల్లో ఏం చేయాలో ఇన్వర్టరే చూసుకుంటుంది. "అక్కా, ఆ టైంల పీపీసీ ఏం జేస్తది?" అని ల్యాబ్‌లో అడిగాడు. అది మీటరులో పవర్ పడిపోయింది చూసి, పెంచమని ఆదేశాలు కూడబెడుతుంది, వోల్టేజీ తిరిగి రాగానే అవన్నీ ఒక్కసారిగా పోసేస్తుంది. కాబట్టి వోల్టేజీ పడిన క్షణం నుంచి కోలుకునే దాకా పీపీసీ తన ఆదేశాలను ఉన్నచోటే స్తంభింపజేయాలి. సిమ్యులేటర్ మీద ఆ ఫ్రీజ్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి నడిపి చూశాం. తేడా చూశాక డిజైన్‌లో చేర్చడానికి ఎవరినీ ఒప్పించాల్సిన పని పడలేదు.

అనుమతులు వచ్చాక అసలైన మొదటి ఆదేశం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. బెంగళూరులోని ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి, ఆదివారం లోడు తక్కువ కాబట్టి తగ్గించమని. సెట్‌పాయింట్ వచ్చింది, ప్లాంటు దిగింది, సాయంత్రం విడుదల చేశారు, ఎక్కింది. గచ్చిబౌలిలో స్క్రీన్ ముందు ఉన్న మేం దేన్నీ ముట్టుకోలేదు.

తర్వాత మిగిలింది డబ్బు లెక్క. సోలార్, విండ్ ప్లాంట్లను రేటు చూసి ఆపకూడదని, గ్రిడ్‌లో సాంకేతిక ఇబ్బందో భద్రతో కారణమైతేనే తగ్గించమనాలని, లేకుంటే పరిహారం ఇవ్వాలని 2021 మస్ట్ రన్ నిబంధనలు చెబుతున్నాయి. కారణం ఏదైనా, ఎంత కోల్పోయామో చూపించగలగాలి కదా. ఆపిన ప్లాంటు ఎంత ఇచ్చి ఉండేదో ఎలా తెలుస్తుంది? ఎండను కొలిచే పైరనోమీటర్ ఒక ఆధారం, కానీ మబ్బుల రోజున ఒకచోటి కొలత ప్లాంటు మొత్తానికి వర్తించదు. అందుకే తగ్గించే ఆదేశం ఉన్నప్పుడు కూడా కొన్ని ఇన్వర్టర్లను పూర్తిగా వదిలేస్తాం. అవి రిఫరెన్స్. నాలుగు దిక్కులా ఒక్కో బ్లాకు నుంచి ఒక్కొక్కటి ఎంచుకున్నాం. వాటి ఉత్పత్తిని బట్టి మిగతావి ఎంత ఇచ్చి ఉండేవో లెక్కగడతాం. మా మొదటి రిపోర్టు మీద అవతలి వాళ్లు వేసిన ప్రశ్న న్యాయమైనదే: ఆ నాలుగింటి ప్యానెళ్లు మాత్రమే శుభ్రంగా కడిగి ఉంటే లెక్క ఎక్కువ చూపిస్తుంది కదా? కడిగిన తేదీలు తీసి చూపించాం. రిఫరెన్స్ బ్లాకులను ముందూ వెనకా కాకుండా పక్క బ్లాకులతో పాటే కడగాలని క్లీనింగ్ షెడ్యూల్‌లో చేర్పించాం, కడిగిన తేదీల పట్టికను ఇప్పుడు ప్రతి రిపోర్టుకూ జతచేస్తున్నాం.